నేల టికెట్ కాంబో, 499 రూపాయలు

మొన్న ఆదివారం మా వాళ్లు లాక్కెళితే హైదరాబాద్‌లో ఒక మాల్‌కి వెళ్లాను. పై అంతస్తులో స్క్రీన్ల పక్కన 'పాత టాకీస్ మూల' అని ఒకటి పెట్టారు. ప్లైవుడ్‌తో బుకింగ్ కౌంటర్, దానికో కన్నం, ఆ కన్నంలో చెయ్యి పెట్టి ఫొటో దిగడానికి జనం లైను కట్టారు. బుద్ధిగా, ఒకరి వెనక ఒకరు! ఈ ఊళ్లో బుకింగ్ కన్నం ముందు ఇంత క్రమశిక్షణ నేనెప్పుడూ చూళ్లేదు.

యాజమాన్యానికి నా మనవి ఏమిటంటే, ఆ కన్నం తప్పు. అందులో సూట్‌కేసు పడుతుంది. అసలు కన్నంలో ఒక్క మణికట్టు పట్టాలి, దూరేవి మాత్రం మూడు చేతులుండాలి. టికెట్లు గుప్పిట్లోకి వచ్చాక చెయ్యి బయటికి రాకూడదు, వెనక నలభై మంది తోస్తుంటే మోచెయ్యి రేకు అంచుకి గీసుకోవాలి, తీరా బయటపడి చూసుకుంటే చేతిలో ఉన్న చిల్లర పక్కవాడిదై ఉండాలి. ఇవేవీ లేకుండా దాన్ని కన్నం అనడం చరిత్రకు ద్రోహం. పనిలో పనిగా ఇనప కటకటాల క్యూ సందు ఒకటి కట్టి, అందులో ఉచ్చకంపు స్ప్రే చేయించి, బయట ఒకణ్ణి 'పదికి ఇరవై, పదికి ఇరవై' అని గొణుగుతూ తిప్పితే బాగుంటుంది. సీట్లలోకి నల్లులు కూడా కావాలి, టెండర్ పిలవండి.

మన ఊరికి సినిమా హాళ్లంటే గౌరవం లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. లిబర్టీ పోతే పేరు చౌరస్తాకి ఉంచుకున్నాం. సికింద్రాబాద్‌లో సంగీత్ కూలగొట్టాం, బస్సులో 'సంగీత్' అని అడిగితే ఇప్పటికీ దింపుతారు, దిగాక చూడ్డానికి ఏమీ ఉండదు, అంతే. ప్యారడైజ్‌ది ఇంకా వింత. 1953లో హాలు దగ్గర పెట్టిన చిన్న కేఫ్ బిర్యానీతో దేశమంతా పాకింది, హాలు పోయింది. సినిమా చచ్చిపోయి ఇంటర్వెల్ బతికిందన్నమాట.

హాలు పడగానే 'ఒక శకం ముగిసింది' అని స్టేటస్ పెట్టే జాతి ఒకటుంది. ఆ హాల్లో పదిహేనేళ్లుగా ఒక్క టికెట్ కొన్నవాణ్ణి వాళ్లలో చూపించండి. (నేనూ కొనలేదు. స్టేటస్ పెట్టాను, ఏడుపు బొమ్మలు రెండు అదనం.)

ఇక ఆ మూలలో అమ్ముతున్నది 'నేల టికెట్ కాంబో', 499 రూపాయలు. పాప్‌కార్న్, కూల్‌డ్రింక్. నేల టికెట్ అంటే ఏమిటో తెలుసా మీకు? పొద్దంతా రిక్షా తొక్కినవాడు జేబులో మిగిలిన చిల్లరతో లోపలికొచ్చి, బాల్కనీలో డాక్టరుగారు చూస్తున్న సినిమానే అదే చీకట్లో చూడటం, ఆయన కంటే ముందు ఈల వెయ్యడం. ఆ మనిషికి కూర్చునే చోటు లేకుండా చేసి, ఇప్పుడు అతని టికెట్ పేరుతో మొక్కజొన్న గింజలు అమ్ముకుంటారా? సిగ్గు లేదూ!

కౌంటర్ పక్కన ఖాకీ చొక్కా వేసి, చేతికి టార్చి ఇచ్చి ఒక పెద్దాయన్ని నిలబెట్టారు, ఫొటోల కోసం. వేషం అనుకున్నాను.

"ఇదివరకు ఎక్కడ చేసినవ్ కాకా?"

"టాకీస్‌లనే సార్, గేటు మీద. ముప్ఫై ఏండ్లు. ఇప్పుడది లేదు."

"మరి ఇక్కడ సినిమా చూసినవా?"

"లోపలికి మనకు పర్మిషన్ లేదు."

మా పిల్లలు ఆయనకి చెరోపక్క నిలబడి ఫొటో దిగారు. కదలబోతుంటే ఆయన టార్చి వెలిగించి, పట్టపగల్లా లైట్లున్న ఆ నున్నటి నేల మీద మా కాళ్ల ముందుకి వేశాడు.

"పైలం సార్, మెట్లున్నయ్."

మెట్లు లేవు.