ఇండియా అలియాస్ భారత్: ఇద్దరూ ఒక్కరే అని ధ్రువీకరించడమైనది

పోయిన నెల మా నాన్న పెన్షన్ కాగితాల పని మీద ఒక ఆఫీసుకి వెళ్లాం. కౌంటర్‌లో ఉన్నాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, ఆధార్‌లో సత్యనారాయణకి 'టి' పక్కన 'హెచ్' ఉంది, సర్వీస్ రిజిస్టర్‌లో 'హెచ్' లేదు, మరి వీళ్లిద్దరూ ఒక్కరే అని గ్యారంటీ ఏంటి అన్నాడు. నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు, దగ్గుతున్నాడు కూడా. ఆ దగ్గు చెల్లదట. స్టాంపు పేపరు మీద 'వన్ అండ్ ద సేమ్' అఫిడవిట్ రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి, నోటరీ చేయించుకు రమ్మన్నారు.

ఆ స్టాంపు పేపరు పట్టుకుని నోటరీ దగ్గర క్యూలో గంటన్నర నిలబడ్డప్పుడు నాకు జ్ఞానోదయం అయింది. మా నాన్నది పెద్ద సమస్యే కాదు. అసలు అఫిడవిట్ లేకుండా డెబ్భై అయిదేళ్లకి పైగా తిరుగుతున్న పెద్దమనిషి వేరే ఉన్నాడు, ఆయన మన దేశమే.

రాజ్యాంగం తీసి మొదటి ఆర్టికల్ చూడండి. "ఇండియా, అనగా భారత్". ఆరంభమే అనగా. మన పోలీస్ స్టేషన్లలో రౌడీషీటర్ల బోర్డు మీద పేర్లు ఎలా ఉంటాయో సరిగ్గా అలా, ఫలానావాడు అలియాస్ ఫలానావాడు. పాస్‌పోర్ట్ వాళ్లు ఇంకాస్త తెలివైనోళ్లు, జాతీయత అన్న చోట హిందీలో భారతీయ, ఒక అడ్డగీత, పక్కన ఇంగ్లీషులో ఇండియన్ అని కొట్టేసి చేతులు దులుపుకున్నారు. ఈ అడ్డగీతకి ఇటుపక్క ఉండాలా అటుపక్క ఉండాలా అన్నదే ఇప్పుడు జాతి ముందున్న అతి పెద్ద సమస్య, నీళ్లూ ఉద్యోగాలూ అవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

ఈ గొడవ ఈనాటిది కాదండి. 1949 సెప్టెంబర్ 18న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ గారు లేచి, బిడ్డ పుడితే నామకరణం చేస్తాం కదా, కొత్త రిపబ్లిక్‌కి కూడా చెయ్యాలి కదా అని మొదలుపెట్టి, భారత్, హిందుస్తాన్, హింద్, భారతభూమి, భారతవర్ష అంటూ బారసాలలో అత్తలూ పిన్నులూ తలా ఒక పేరు చెప్పినట్టు లిస్టు చదివి, చివరికి "భారత్, లేదా ఇంగ్లీషు భాషలో ఇండియా" అని రాద్దాం అని సవరణ పెట్టారు. ఐర్లాండ్ వాళ్లు వాళ్ల రాజ్యాంగంలో అలాగే రాసుకున్నారని రుజువు కూడా చూపించారు. సేఠ్ గోవింద్ దాస్ గారు పురాణాల దాకా వెళ్లొచ్చారు. అంబేద్కర్ గారేమో ఇదంతా ఇప్పుడు అవసరమా, సభకి ఉన్న టైమే తక్కువ అని విసుక్కున్నారు, ఆయన బాధ నాకు అర్థమవుతుంది, మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నీళ్ల ట్యాంకు గురించి మాట్లాడదామంటే బిల్డింగ్ పేరు గురించి మాట్లాడతారు. ఓటింగ్ పెడితే కామత్ వైపు 38, ఎదురు 51. అంటే దేశానికి ఏ పేరు ముందు ఏ పేరు వెనక అన్నది 13 ఓట్ల మెజారిటీతో తేలింది, సర్పంచ్ ఎన్నికల్లో ఇంత దగ్గరగా వస్తే రీకౌంటింగ్ అడుగుతారు.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని పాయింట్ ఒకటుంది. దేశం పేరైతే రాశారు, మరి అందులో ఉండే మనల్ని ఏమనాలో? పౌరసత్వం గురించి అయిదు నుంచి పదకొండో ఆర్టికల్ దాకా చదివాను (క్యూ పెద్దది, ఫోన్‌లో ఛార్జింగ్ ఉంది), "సిటిజెన్ ఆఫ్ ఇండియా" అంటాడు తప్ప ఫలానా పేరుతో పిలవబడుదురు అని లేదు. ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో 366లో నిర్వచనం ఇచ్చారు. ఉత్త ఇండియన్‌ని మాత్రం ఎవడికి వాడే అర్థం చేసుకోమని వదిలేశారు.

బంగ్లాదేశ్ వాళ్లు మనలా వదిలెయ్యలేదు. 1972లో రాజ్యాంగం రాసుకున్నప్పుడే ఆరో ఆర్టికల్లో పౌరులని బంగాలీలు అంటారు అని రాసేశారు. మానవేంద్ర నారాయణ్ లార్మా అని చిట్టగాంగ్ కొండల నుంచి గెలిచిన సభ్యుడు లేచి, అయ్యా నేను చక్మా తెగ వాడిని, బంగాలీని ఎలా అవుతాను అని అడిగి, ఎవరూ వినకపోతే సభలోంచి బయటికి నడిచాడు. తర్వాత జియావుర్ రెహ్మాన్ అధ్యక్షుడై వచ్చి బంగాలీ తీసేసి బంగ్లాదేశీ అన్నాడు, మళ్లీ 2011లో సవరణ చేసి జాతిగా బంగాలీలు, పౌరులుగా బంగ్లాదేశీలు అని రెండూ పెట్టేశారు. చూశారా, ఎంత నీట్‌గా వన్ అండ్ ద సేమ్ తయారు చేసుకున్నారో. ఆ రెండిటిలోనూ చక్మా అన్న మాట లేదు, అది వేరే విషయం, అందరికీ కాలమ్ ఇస్తూ పోతే ఫారం పేజీ దాటిపోతుంది.

మన దగ్గర ఆ నిర్ణయం స్కూల్లో జరుగుతుంది. ప్రతిజ్ఞ రాసింది మనాయనే, నల్గొండ జిల్లా పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాశారు. మా స్కూల్లో ఒకే గ్రౌండ్‌లో తెలుగు మీడియం ఒక వరస, ఇంగ్లీషు మీడియం ఒక వరస. మేము చెయ్యి చాపి భారతదేశం నా మాతృభూమి అనేవాళ్లం, పక్క వరస ఇండియా ఈజ్ మై కంట్రీ అనేది. ఒకే ఎండ, ఒకే డ్రిల్లు మాస్టారు, అటు పక్కోళ్లు ఇండియన్లుగా పెరిగి డాలస్ వెళ్లిపోయారు, మేము భారతీయులుగా మిగిలి ఇక్కడ క్యూలో ఉన్నాం. డాలస్ వెళ్లినోళ్లకీ సుఖం లేదు పాపం. కొలంబస్ తప్పు ఒడ్డున దిగి అక్కడివాళ్లకి ఇండియన్ అని ముందే పేరు పెట్టేశాడు కాబట్టి, మనవాళ్లు అక్కడి జనాభా లెక్కల్లో 1980 నుంచి 'ఏషియన్ ఇండియన్' అనే గడిలో టిక్కు పెట్టుకోవాలి.

2023 జులైలో ప్రతిపక్షాలు కూటమికి ఇండియా అని పేరు పెట్టుకున్నాయి, సెప్టెంబర్‌లో జీ20 విందు ఆహ్వానం మీద 'ప్రెసిడెంట్ ఆఫ్ భారత్' అని అచ్చయింది, రెండిటి మధ్యా రెండు నెలలు కూడా లేదు. అంతే, మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఇద్దరు రిటైర్డ్ మాస్టార్లకి మాటల్లేవు, ఇప్పటిదాకా లేవు, ఒకరింట్లో శుభకార్యానికి ఇంకొకరు రాలేదు. అంతకు ముందు 2016లోనే ఇండియా పేరు తీసెయ్యమని వచ్చిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు, భారత్ అనాలనుకుంటే భారత్ అనుకోండి, ఇండియా అనేవాళ్లని అననివ్వండి అని కొట్టేసింది. కోర్టువారు చెప్పింది బావుంది కానీ అలా అందరూ ఎవరికి నచ్చింది వాళ్లు అనుకుంటే టీవీ డిబేట్లు నడిపేవాళ్లు ఏం తిని బతకాలి?

అన్నట్టు ఇండియనా భారతీయుడా అని మనం ఇంత కొట్టుకుంటామా, తీరా బయటికెళ్తే ఆ రెండిట్లో ఒక్కటి కూడా ఎవడూ పిలవడు. ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు 1952లో ప్రాణం వదిలారు, 1953లో రాష్ట్రం వచ్చింది, ఢిల్లీలో మా మావయ్య ఇంటి ఓనర్‌కి మాత్రం ఈ కబురు ఇంకా అందలేదు, ఆయనకి ఈయన మద్రాసీయే. (2014 తర్వాత మాలో మేం ఏమని పిలుచుకోవాలన్నది ఇంకో అధ్యాయం, దాన్లోకి నేను దిగను, నాకు రెండు వైపులా చుట్టాలున్నారు.) మా ఆఫీసులో మణిపూర్ అమ్మాయిని రోజూ ఆటోవాలాలు నేపాలా అని అడుగుతారు. మొదట్లో కాదన్నా మణిపూర్, మన దేశమే అని ఓపిగ్గా చెప్పేది. ఇప్పుడు అవును నేపాలే అని చెప్పి ఎక్కి కూర్చుంటుంది, ఆఫీసుకి లేటవుతోందని.

కాబట్టి బాధ్యత గల పౌరుడిగా నా ప్రతిపాదన ఏంటంటే, దేశం చేత కూడా ఒక అఫిడవిట్ రాయించేద్దాం. రికార్డుల్లో ఇండియా అని, హిందీ కాగితాల్లో భారత్ అని ఉన్న సదరు దేశం ఒక్కటేనని, ఏదైనా తేడా వస్తే పూర్తి బాధ్యత తనదేనని. చిక్కల్లా సాక్షుల దగ్గర. చిన్నప్పట్నుంచి ఎరిగున్నవాళ్లు కావాలి, పైగా వాళ్ల పేర్లలో తేడా ఉండకూడదు. పాకిస్తాన్‌ని పిలవలేం, ఇండియా అన్న పేరు వీళ్లు పెట్టుకోవడమేంటని 1947లోనే జిన్నా గారు మౌంట్‌బాటెన్ దగ్గర అభ్యంతరం చెప్పి ఉన్నారు. సిలోన్‌ని పిలుద్దామంటే 1972లో శ్రీలంక అయింది. బర్మా 1989లో మయన్మార్ అయింది. బంగ్లాదేశ్ 1971 దాకా తూర్పు పాకిస్తాన్. వీధి మొత్తం మీద కాగితాలు సరిగ్గా ఉన్న ఇల్లు ఒక్కటి కనపడదు.

నా వంతు వచ్చింది. సాక్షులేరీ అన్నాడు నోటరీ. లేరండీ అంటే, చెట్టు కింద టీ కొట్టు దగ్గర ఉంటారు, మనిషికి వంద అన్నాడు. వెళ్తే ఇద్దరు లేచి వచ్చారు, మా నాన్న ముఖం కూడా చూడకుండా పుట్టినప్పట్నుంచి తెలుసు అన్నట్టు సంతకాలు చేసేశారు. అందులో ఒకాయన మల్లేశం అని పెట్టాడు. జత చేసిన ఆధార్ జిరాక్స్ చూస్తే మల్లయ్య అని ఉంది.

"ఇదేందన్నా?" అన్నాను.

"రెండూ నేనే సార్," అన్నాడు టీ గ్లాసు దించకుండానే, "నడుస్తది."