సవరణ: ఆ ముఖచిత్రం గ్రాహం ఇంగెల్స్‌ది కాదు

అమెరికా కామిక్స్ ప్రచురణ సంస్థ ఈసీ హారర్ కామిక్స్ చిత్రకారుడు గ్రాహం ఇంగెల్స్ గురించి ఇటీవల రాసిన పరిచయంలో, 1954 ఏప్రిల్ 21న బాల నేరాలపై అమెరికా సెనేట్ ఉపసంఘం జరిపిన విచారణలో ఈసీ ప్రచురణకర్త విలియం గెయిన్స్‌ను నిలదీయడానికి చూపిన ముఖచిత్రాన్ని, అంటే ఒక చేత గొడ్డలి, మరో చేత జుట్టు పట్టి ఎత్తిన స్త్రీ తల ఉన్న బొమ్మను, ఇంగెల్స్ గీసినట్టు పేర్కొన్నాను. అది తప్పు. ‘క్రైమ్ సస్పెన్‌స్టోరీస్’ 22వ సంచికకు ఆ బొమ్మ గీసినది జానీ క్రెయిగ్ అని పునర్ముద్రణ సంపుటాలలోని చిత్రకారుల వివరాలు చెబుతున్నాయి. పైగా అది నేర కథల పత్రిక, హారర్ పత్రిక కాదు. సరిచూసుకోకుండా జ్ఞాపకం మీద రాశాను.

నిజానికి గీత చూసినా తెలియవలసిందే. క్రెయిగ్ గీత ఇస్త్రీ చేసినంత శుభ్రంగా ఉంటుంది. ‘ఘాస్ట్‌లీ’ అని సంతకం చేసే ఇంగెల్స్ బొమ్మల్లో మాత్రం తెరిచిన నోళ్లలో చొంగ తీగలు సాగుతాయి, చర్మం వేలాడుతుంది, సిరా నీడలు తడిగా కనిపిస్తాయి. ఈసీ హారర్ పత్రిక ‘ది హాంట్ ఆఫ్ ఫియర్’లో కథలు చెప్పే ముసలి మంత్రగత్తె రూపం ప్రధానంగా ఆయన కుంచెదే అన్న మాటలో మార్పు లేదు.