నాయినకి ఈఫిల్ టవర్ చూపించలేదు

జూన్‌లో మా నాయిన ఫ్రాన్స్‌లో నేనుండే లియోన్ నగరానికి వచ్చి మూడు వారాలు నా దగ్గర ఉండి వెళ్ళాడు. అప్పటినుంచి చుట్టాల్లో ఒకటే మాట: "అంత దూరం పిలిపించుకుని ఈఫిల్ టవర్ కూడా చూపియ్యలేదంట." నిజమే, చూపించలేదు. పారిస్‌కని దాచుకున్న నాలుగు రోజుల సెలవులో ఇద్దరం సైకిళ్ళు తొక్కాం. బర్గండీ అనే ప్రాంతంలో బోన్ అనే ఊరి నుంచి మాకోం దాకా, ద్రాక్ష తోటల మధ్యగా. నేను చేసింది సరైన పనేనని నమ్ముతున్నాను. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ఇక్కడికి వచ్చే మన అమ్మానాన్నల్ని చూస్తే నాకు బాధేస్తుంది. పది రోజుల్లో ఐదు దేశాలు. పొద్దున ఆరింటికి బస్సు, ఒక టవర్ ముందు ఫోటో, మళ్ళీ బస్సు. కిటికీ పక్కన నిద్రపోతూ వెళ్ళిపోతారు. జీవితమంతా పొలం పని చేసిన మనిషిని తీసుకొచ్చి ఈ దేశపు పొలం ఒక్కటి కూడా చూపించకుండా పంపించేస్తున్నాం.

మా నాయినది మేడ్చల్ వైపు ఊరు. మా తాత కాలంలో మాకు ద్రాక్ష తోట ఉండేది, అనాబ్-ఎ-షాహీ. హైదరాబాద్ చుట్టూ ఆ రకం ఎంత పేరున్నదో పెద్దవాళ్ళని అడగండి. రాతి కడీలు పాతి, పైన తీగలు లాగి, మనిషి తలకంటే ఎత్తున పందిరి వేసేవాళ్ళు. ఆ పందిరి కింద ఆడుకున్న ఆఖరి తరం నాదే. ఇప్పుడక్కడ విల్లాలున్నాయి.

నాయినకి ఇంకో సంగతి ఉంది. నా చిన్నప్పుడు నన్ను సైకిల్ ముందు రాడ్ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాడు. పాల క్యాన్లు, ఎరువు బస్తా, అన్నీ ఆ సైకిల్ మీదే. 2011లో హైవే పక్కన వెళ్తుంటే వెనకనుంచి ఒక లారీ రాసుకుంటూ పోయింది. కాలు విరిగింది. కాలు అతుక్కుంది కానీ, తర్వాత సైకిల్ ముట్టలేదు. అందుకే "సైకిల్ మీద పోదాం నాయినా" అన్నప్పుడు వెంటనే ఒప్పుకోలేదు. "బండ్లు రావంటున్నవు గదా, నిజంగ రావా?" అని మూడుసార్లు అడిగాడు.

లియోన్‌లో లోకల్ రైలెక్కి, సైకిళ్ళు అందులోనే పెట్టుకుని బోన్‌లో దిగాం. అక్కడినుంచి సాంత్‌నే దాకా 22 కిలోమీటర్లు 'ద్రాక్ష తోటల దారి' అని గుర్తు పెట్టి ఉంటుంది. దారిలో వచ్చే ఊళ్ళు పొమ్మార్, వోల్నే, మెర్సో, పులిన్యీ, షసాన్యీ... వైన్ గురించి తెలిసినవాళ్ళు ఈ పేర్లు వింటేనే ఆగిపోతారు. దారి మాత్రం రైతులు తోటల్లోకి వెళ్ళే సన్నటి బాట, అంతే. అప్పుడప్పుడు ఒక ట్రాక్టర్, ఒక వ్యాను. అవి మన వెనక నెమ్మదిగా వచ్చి, చోటు దొరికాకే దాటుతాయి. ఊళ్ళ బయట సైకిల్‌ని దాటాలంటే మీటరున్నర ఎడం వదలాలని ఇక్కడి చట్టం.

మెర్సో దాటాక నాయిన సైకిల్ ఆపి తోటలోకి వంగి చూశాడు.

"గింత పొట్టిగనా? పందిరెయ్యరా వీళ్ళు?"

వెయ్యరు. తీగ నడుము ఎత్తు దాటదు. వరుసకీ వరుసకీ మధ్య ఒక మీటరే. ఎకరానికి నాలుగు వేల మొక్కలు అవుతాయని లెక్కేసి చెప్తే ఆయన నమ్మలేదు, అడుగులతో కొలిచాడు. ఇక్కడ ఎండ తక్కువ. గుత్తులు నేలకి దగ్గరగా ఉంటే రాళ్ళు పట్టుకున్న వేడి వాటికి అందుతుంది. మన దగ్గర ఎండ ఎక్కువ కాబట్టి ఆకుల పందిరి నీడలో గుత్తులు వేలాడాలి. వరుస మీదుగా కాళ్ళు చాచి నడిచే ఎత్తైన ట్రాక్టర్ ఒకటి ఎదురైతే, అది మలుపు తిరిగేదాకా నిలబడి చూశాడు. ఆ రోజు 22 కిలోమీటర్లకి మాకు ఆరు గంటలు పట్టింది.

ఈ తోటల్లో ప్రతి ముక్కకీ ఒక పేరుంటుంది. 'క్లిమా' అంటారు. అలాంటివి 1,247 ఉన్నాయని లెక్కగట్టి 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. నాయినకి ఇది వింతగా అనిపించలేదు. "మనకు లేవా? రాళ్ళచెలక, చింతమడి, కుంటకింద..." అని మా పాత భూముల పేర్లు చెప్పుకుంటూ పోయాడు. అందులో సగం నేనెప్పుడూ వినలేదు. పులిన్యీకీ షసాన్యీకీ మధ్య మోంరషే అనే తోట ఉంది. మొత్తం ఎనిమిది హెక్టార్లు, అంటే ఇరవై ఎకరాలు. దాని సీసా ఒక్కటి వందల యూరోలు. బాట ఇవతల, అదే ద్రాక్ష, అదే వాన, ధర అందులో చిన్న వంతు. వాలు కొంచెం మారుతుంది, కింద మట్టి మారుతుంది. ఆయన రెండువైపులా మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. కారులో వెళ్ళేవాడికి ఇది ఎప్పటికైనా తెలుస్తుందా? ఆ రెండు తోటల మధ్య కారు ప్రయాణం అరనిమిషం.

అప్పుడు తోటలు పూత మీదున్నాయి. ద్రాక్ష పూత కంటికి ఆనదు, ముక్కుకి కొద్దిగా తెలుస్తుంది. పూత వచ్చిన వంద రోజులకి కోత అని ఇక్కడ పాత లెక్క. నాయిన వేళ్ళ మీద లెక్కపెట్టుకుని "సెప్టెంబర్ నడుమల" అన్నాడు.

రెండో రోజు కాలవ గట్టు మీదుగా షలోం, అక్కడినుంచి జీవ్రీ. అది మామూలుగా గడిచింది, ఎండ ఎక్కువైంది. నేను అసలు చెప్పాలనుకున్నది ఆ తర్వాతి దారి గురించి.

జీవ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్లు ఒకప్పటి రైలు మార్గం. రైళ్ళు ఆగిపోయాయి. చాలాచోట్ల అలాంటి భూమిని ముక్కలు చేసి అమ్మేస్తారు. ఇక్కడ అలా చెయ్యలేదు. పట్టాలు తీసి, తారు వేసి, 1997లో నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేశారు. ఫ్రాన్స్‌లో మొదటి 'వ్వా వెర్త్', అంటే ఆకుపచ్చ దారి, ఇదే. రైలు కోసం వేసిన కట్ట కాబట్టి ఎత్తులు ఉండవు. కొండ వచ్చినా పక్కగా తిప్పి మెల్లగా ఎక్కిస్తుంది. పాత స్టేషన్లు ఇంకా నిలబడే ఉన్నాయి. బుసీ, సాన్-జాంగూ, కోర్మాతాం అని ఊరికో స్టేషన్.

మొదటిరోజు నాయిన ప్రతి రెండు నిమిషాలకీ వెనక్కి తిరిగి చూసేవాడు. తోటల మధ్య కూడా, ఏ చప్పుడూ లేకపోయినా. పద్నాలుగేళ్ళ కిందటి లారీ ఆ మెడలో ఉంది. మూడో రోజు పొద్దున బుసీ దాటాక గమనించాను, చూడటం మానేశాడు. చేతులు హ్యాండిల్ మీద వదులుగా ఉన్నాయి. ముందు నేనే తొక్కుతున్నాను, వెనకనుంచి ఏదో పాట కూనిరాగం వినిపించింది. నేను తిరిగి చూడలేదు, చూస్తే ఆపేస్తాడని.

ఈ నిశ్శబ్దాన్ని అందమైన ప్రకృతి అనుకుని వదిలెయ్యొద్దు. ఇది మనుషులు తీసుకున్న నిర్ణయం. పబ్లిక్ భూమిని పబ్లిక్ చేతిలోనే ఉంచాలని కొంతమంది పట్టుబట్టారు కాబట్టి ఆ దారి ఉంది. పైగా అది టూరిస్టుల కోసం మాత్రమే కాదు. మాకు ఎదురైనవాళ్ళలో బుట్టలో రొట్టె పెట్టుకుని వెళ్ళే ముసలమ్మలు, చిన్న సైకిళ్ళ మీద పిల్లలు, చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నారు.

"వాళ్ళకి డబ్బుంది, జనం తక్కువ" అంటారు. నాకు తెలుసు. కానీ మనం కూడా చెయ్యలేనివాళ్ళం కాదు. 2023లో హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ కప్పుతో. దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే పక్కనే వంద కిలోమీటర్ల వేగంతో కార్లు వెళ్తుంటాయి, అక్కడ మాట వినపడదు. నేను అడిగేది ఊరికీ ఊరికీ మధ్య దారి. మీటర్ గేజ్ రైలు పట్టాలు తీసి బ్రాడ్ గేజ్ వేసినప్పుడు లైను మారిన చోట్ల పాత కట్టలు మిగిలాయి. నల్లమలలో బొగద దగ్గర దొరబావి పాత రైలు వంతెన స్తంభాలు ఇప్పటికీ చూడొచ్చు. అది పులుల అడవి, అక్కడ సైకిళ్ళు తిప్పమని అడగను. కానీ పొలాల మధ్య పడి ఉన్న కట్టలు, కాలవ గట్లు ఎన్ని ఉన్నాయి? అవి కబ్జా కాకముందే ఎవరైనా లెక్కపెట్టాలి.

క్లూనీలో 910లో స్థాపించిన మఠం ఉంది. రోమ్‌లో సెయింట్ పీటర్స్ లేచేదాకా క్రైస్తవ ప్రపంచంలో అతిపెద్ద చర్చి అక్కడిదే. ఫ్రెంచి విప్లవం తర్వాత రాళ్ళ కోసం కూల్చి అమ్మేశారు, పదోవంతు కూడా మిగల్లేదు. నాయిన అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. ఆయన మనసు సొరంగం మీద ఉంది. క్లూనీ దాటాక బ్వా క్లేర్ అనే పాత రైలు సొరంగం, 1.6 కిలోమీటర్లు, సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ మాత్రమే. బయట 30 డిగ్రీల ఎండ, లోపల ఒళ్ళు జలదరించే చల్లదనం. మధ్యలో ఆగి "ఓ..." అని అరిచాడు, మా ఊరి దిగుడు బావిలో అరిచినట్టు.

మేమిద్దరం వైన్ తాగలేదు. నాకు అలవాటు లేదు, ఆయన మందులు వేసుకుంటాడు. దానివల్ల ఏ లోటూ లేదు. తాగి తొక్కేవాళ్ళకి ఒక మాట: మోతాదు మించితే ఇక్కడ సైకిల్ మీద ఉన్నా పట్టుకుంటారు.

రావాలనుకునేవాళ్ళకి నాలుగు సంగతులు. మధ్యాహ్నం రెండు దాటితే పల్లెల్లో భోజనం దొరకదు, మేం రోజూ పులిహోర కట్టుకున్నాం. నీళ్ళు అయిపోతే ఊరి శ్మశానం దగ్గర కుళాయి ఉంటుంది. మొదట భయపడతారు గానీ తాగే నీళ్ళని రాసి ఉంటే తాగొచ్చు. సొరంగాన్ని చలికాలంలో గబ్బిలాల కోసం మూసేస్తారు. జూన్ బాగుంటుంది, సెప్టెంబర్‌లో కోత చూడొచ్చు.

మొన్న సెప్టెంబర్‌లో నాయిన ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడగలేదు. "వంద దినాలైనయి. కోతలు వెట్టిన్రా?" అన్నాడు. పెట్టారు నాయినా, వారం ముందే మొదలైంది అన్నాను. ఎండలు ఎక్కువైనయేమో అన్నాడు. ఆ తర్వాత అరగంట ఆ తోటల గురించే మాట్లాడుకున్నాం.

వచ్చే వేసవిలో అమ్మానాన్నల్ని పిలిపించుకుంటున్నవాళ్ళు రెండు రోజులు ఇటు కేటాయించండి. పూర్తిగా తొక్కక్కర్లేదు, బుసీ నుంచి కోర్మాతాం దాకా చాలు. మా నాయిన తొక్కిన సైకిల్ లియోన్‌లో మా ఇంట్లోనే ఉంది. అడిగితే ఇస్తాను.