ధింసాకో సరిహద్దు తగాదా కావాలి

మా కొండల దిక్కు సర్కారీ రేడియోలో గిరిజనుల ఆటపాట ధింసా మేళానికి ఇచ్చే సమయం కోసేశారని కొందరు మిత్రులు తెగ బాధపడిపోతున్నారు. మొదట్లో వారానికి అరగంట ఉండేది. అది పావుగంటయింది. ఆ తరవాత 'ఢిల్లీ నుంచి రిలే లేని రోజున' అనే షరతు వచ్చి చేరింది. ఢిల్లీ నుంచి రిలే లేని రోజు ఏ పంచాంగంలోనూ ఇంకా పుట్టలేదు. అందుచేత కార్యక్రమాన్ని రద్దు చేశారని ఎవరూ అనడానికి వీల్లేదు. ఉంది. చార్టులో నిక్షేపంగా ఉంది. వినిపించదంతే.

సాలూరు నుంచి ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు వచ్చే రోడ్డు పక్కన కొట్టు పెట్టుకుని బతుకుతున్న తెలుగువాణ్ని నేను. తెల్లారి కొట్టు తీసింది మొదలు రాత్రి తాళం వేసేదాకా గల్లాపెట్టె పక్కన రేడియో మోగుతూనే ఉంటుంది. ఆ పాటి అర్హతతో, ఇరుపక్షాల మాటా విని, నిష్పక్షపాతంగా ఆలోచించి చెబుతున్నాను. న్యాయం స్టేషన్ వారి వైపే ఉంది.

ముందు ముద్దాయి సంగతి చూద్దాం. అరకు నుంచి కోరాపుట్ దాకా ఉన్న కొండ ఊళ్లలో ఆడే ఆట ధింసా. ఒడిశా వైపు ఢెమ్సా అంటారు. ఆడవాళ్లు ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు వేసుకుని గొలుసు కడతారు. పక్కన మగవాళ్లు సన్నాయిలాంటి మోరి ఊదుతారు, తుడుము, డప్పు, కిరిడి వాయిస్తారు. చైత్రంలో ఆంధ్రా వైపు ఇటుకల పండక్కీ, ఇటు చైత్ పరబ్‌కీ, పెళ్లిళ్లకీ రాత్రంతా ఇదే. పైగా అది ఒక్కటి కాదు. ఊరి దేవతను కొలిచేటప్పుడు బోడ ధింసా. ఆకులు కోసే తీరు చూపించేది పోతర్‌తోలా. పులి మీద పడ్డప్పటి గొడవంతా బాగ్ ధింసా. భుజాలతో ఒకరినొకరు నెట్టుకునేది కుండా ధింసా. ఇన్ని రకాలుండటమే దాని మొదటి తప్పు. రేడియో వారి రిజిస్టరులో ఉన్న గడి ఒక్కటే, 'జానపదం'. పులొచ్చినా పెళ్లొచ్చినా అందులోనే సర్దుకోవాలి.

రెండో తప్పు ఇంకా పెద్దది. ప్రసారమయ్యే ప్రతి పాటకీ క్యూ షీటు నింపాలి కదా. రచయిత ఎవరు, స్వరం కట్టింది ఎవరు, నిడివి ఎంత అని రాయాలి. సినిమా పాటకైతే అర నిమిషంలో అయిపోయే పని. ధింసా దగ్గరకొచ్చేసరికి రచయిత లేడు, స్వరకర్త లేడు. నిడివి ఎంత అని అడిగితే కోడి కూసేదాకా అంటారు. ఇలాంటి దరఖాస్తుతో రేషన్ కార్డు కూడా రాదు. రేడియోలో చోటు ఎలా వస్తుంది?

ఇదంతా విని స్టేషన్ వారికి మనసు లేదనుకోవద్దు. వాళ్లు ధింసాను బాగు చెయ్యాలని ఎంత తాపత్రయపడ్డారో కళ్లారా చూసినవాణ్ని. ఒడియాలో ఫారాలు నింపిపెట్టడానికి ఓ ఊరి మేళంతో పాటు రికార్డింగుకు వెళ్లాను. స్టూడియోలో నేలంతా మెత్తటి తివాచీ. ధింసాలో సగం తాళం అరికాళ్లది. అడుగు నేల మీద ధనామని పడితేనే తుడుము వాయించేవాడికి దెబ్బ ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. ఆ తివాచీ మీద అడుగు పడిందో లేదో వేసినవాళ్లకే తెలియడం లేదు. అందెలు గలగలమంటున్నాయి, నాయిస్ వస్తోంది, తీసెయ్యమన్నారు. తీశారు. తీసి ఒక పక్క కుప్ప పోస్తే అదీ చప్పుడే అయింది, బయట పెట్టి రమ్మన్నారు. కాంట్రాక్టు ఆరుగురి పేరు మీదే వచ్చింది కాబట్టి మిగతా ఆడవాళ్లు ఆవరణలో చెట్టు కింద తమ అందెలకూ పక్కవాళ్ల అందెలకూ కాపలా కూర్చున్నారు. ఆరుగురితో గొలుసు ఎలా తిరుగుతుంది? ఆ ఆరుగురూ బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు.

మోరి ఊదే తాతతో వచ్చింది అసలు చిక్కు. ఊదితే మీటరులో ముల్లు ఎర్రగీత దాటిపోతోంది. మైకుకు రెండడుగుల దూరం జరిపారు. ఇంకాస్త జరిపారు. చివరికి తలుపు దగ్గర నిలబెట్టి, ముఖం గోడకేసి తిప్పి ఊదమన్నారు. గోడకు ఉన్నవేమో చప్పుడు తాగేసే చిల్లుల అట్టలు. పాపం, తాత తన జన్మలో అంత శ్రద్ధగా వినే శ్రోతను చూసి ఉండడు. తొమ్మిదో నిమిషంలో ఎర్రలైటు ఆరిపోయింది. తాత ఆపలేదు. ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గల్లో ఉన్న గాలిని ఊదుతూ, ఎక్కడా తెగకుండా లాక్కుపోయే విద్య అది. "తాతా, అయిపోయింది" అని భుజం తట్టారు.

"ఏటయిపోనాది బాబూ? ఇంకా కాలే కుదరనేదు" అన్నాడు.

అధికారి మంచివాడు. విసుక్కోలేదు. "చాలా బాగుంది తాతా, కాకపోతే వచ్చేసారి చివర్లో ముగింపొకటి పెట్టుకుని రా" అని మర్యాదగా చెప్పి పంపించాడు.

ఇక ఉత్తరాలు. శ్రోతల నుంచి స్పందన లేదు అన్నది స్టేషన్ వారి ప్రధాన వాదన. సినిమా పాటలడుగుతూ కార్డులొస్తాయి, ఫోన్లొస్తాయి. వాట్సాప్‌లో అయితే ఇంట్లో ఎంతమంది ఉన్నారో, వాళ్ల పెళ్లిరోజులెప్పుడో వివరాలతో సహా వస్తాయి. ధింసా కోసం ఒక్క కార్డూ రాదు. నిజమే. ధింసా మొదలైతే కుదురుగా కూచుని వినేవాడు ఉండడు, లేచి గొలుసులో కలిసిపోతాడు. రెండు చేతులూ పక్కవాళ్ల వీపుల మీద ఉన్న మనిషి పోస్టుకార్డు మీద అడ్రసు ఎలా రాస్తాడన్నది స్టేషన్ వారు పరిశీలించాల్సిన పని లేదు. వారి పని వచ్చిన కార్డులు లెక్కపెట్టడం. రానివాటిని లెక్కపెట్టే పోస్టు మంజూరు కాలేదు.

యాప్‌లో వినొచ్చు కదా అని కూడా అంటున్నారు. ఇదీ సబబే. ఎఫ్ఎం కొండను దాటదు. ట్రాన్స్‌మిటర్ కంటికి కనిపించేంత దూరంలో ఉన్నవాడికే దాని మీద హక్కు. పాత మీడియం వేవ్ అలా కాదు, నేలను పట్టుకుని వాలు దిగి లోయలోకి వెళుతుంది. చీకటి పడితే ఆకాశానికి తగిలి కొండ అవతల కూడా దిగుతుంది. అలాంటి అదుపులేని మీడియం వేవ్‌ను దేశంలో చాలాచోట్ల దశలవారీగా మూసేస్తున్నారు. దాని బదులు యాప్ ఇచ్చారు. సిగ్నల్ దొరికే బండరాయి ప్రతి ఊరి పైనా ఒకటుంటుంది. మోరి తాత ఆ రాయి ఎక్కి, మనవడి ఫోను అరువడిగి, డేటా వేయించుకుని, ఢిల్లీ రిలే హాయిగా వినొచ్చు.

చరిత్ర చూసినా స్టేషన్ వారిని తప్పుపట్టలేం. 1940లో రేడియోలో హార్మోనియం మోగకూడదన్నారు. ఆ నిషేధం 1971 దాకా గట్టిగా నిలబడింది. ఆ ముప్పై ఏళ్లలో హార్మోనియం చచ్చిందా? మన సురభి నాటకాల్లో, భజన మందిరాల్లో, పౌరాణిక పద్యాల్లో దాని రాజ్యమే నడిచింది. 1952లో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ గారు సినిమా పాటలు జాతిని చెడగొడుతున్నాయని వాటిని రేడియోలోంచి దాదాపు గెంటేశారు. జనం బుద్ధిగా సూదిని రేడియో సిలోన్ మీదికి తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి ఆ పాటల్నే మేళతాళాలతో వెనక్కి పిలుచుకోవాల్సి వచ్చింది. అంటే ఈ రేడియో తోసేసిందల్లా బాగుపడింది. ఆ లెక్కన ధింసాను బయట పెట్టడం ఆశీర్వాదమే.

కాకపోతే చిన్న తేడా ఉంది. హార్మోనియానికి నాటకాల కాంట్రాక్టర్లు ఉన్నారు. సినిమా పాటకు సిలోన్ ఉంది, వెనక సబ్బులూ టూత్‌పేస్టుల కంపెనీలు ఉన్నాయి. ధింసా కోసం సిలోన్ నుంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

అలాగని ధింసాకు ఆదరణ కరువైందని చెబితే కళ్లు పోతాయి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు నాయకులు తలపాగా చుట్టి, గొలుసు మధ్యలో దూరి, నాలుగు అడుగులు వేస్తారు. అయిదో అడుగులోపు ఫొటో అయిపోతుంది. అరకు రిసార్టుల్లో రాత్రి చలిమంట చుట్టూ చికెన్ ముక్కలతో పాటు ధింసా వడ్డిస్తారు. పెళ్లిళ్లలో డీజే బాక్సులు నాలుగు పేర్చి ధింసా రీమిక్స్ వేస్తున్నారు, అందులో మోరిని కీబోర్డు మీద వాయిస్తారు, దానికి తలుపు దగ్గర నిలబడాల్సిన ఇబ్బంది లేదు. కంటికి ఇంతలా కనిపిస్తున్నదాన్ని చెవికి కూడా వినిపించాలనడం కొంచెం అత్యాశే.

ఇంతవరకూ స్టేషన్ వారి తరఫు వాదన. ఇప్పుడు నా పరిష్కారం. ఉత్తరాలూ వినతిపత్రాలూ పక్కనబెట్టండి. ఈ సరిహద్దులో ఏ పనైనా ఎలా జరుగుతుందో కొటియాను చూసి నేర్చుకోండి.

పొట్టంగి, సాలూరుల మధ్య కొండల్లో ఉన్నాయి కొటియా ఊళ్లు. వివాదంలో ఉన్నవి 21 అని లెక్క. మావంటే మావని రెండు రాష్ట్రాలూ పట్టుబట్టాయి. 1968లో అప్పటి ఒరిస్సా సుప్రీంకోర్టుకెళ్లింది. 2006లో కోర్టు అసలు సంగతి తేల్చకుండానే యథాతథంగా ఉండమంది. 2021లో ఆంధ్రా వారు అక్కడి మూడు పంచాయతీలకు ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టు మెట్లెక్కింది. అక్కడ జనం చేతిలో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులుంటాయి, ఓట్లు రెండు వైపులా ఉంటాయి. వీళ్లు రోడ్డేస్తే వాళ్లు బడి కడతారు. వాళ్లు పింఛనిస్తే వీళ్లు బియ్యం మోసుకొస్తారు. పక్కనే, ఏ తగాదా లేకుండా ఒక రాష్ట్రానికి పద్ధతిగా చెందిన ఊళ్లున్నాయి. వాటి రోడ్డు మీద మా సరుకు వ్యాన్ వానాకాలం వెళ్లదు.

కొండల దాకా ఎందుకు, రసగుల్లా మాటే తీసుకోండి. పూరీ గుడిలో ఎన్నాళ్లనుంచో నైవేద్యం పెడుతున్నా ఒడిశా సర్కారుకు పట్టలేదు. బెంగాల్ మాదే అనేసరికి పౌరుషం పుట్టింది. 2017లో వాళ్లు ఫలానా ప్రాంతానిదని చెప్పే జీఐ గుర్తింపు తెచ్చుకున్నారు, 2019లో ఒడిశా తన రసగోలాకు తెచ్చుకుంది. మధ్యలో ఎన్ని కమిటీలు వేశారో, ఎన్ని పాత గ్రంథాలు తిరగేశారో! ఒక మిఠాయి కోసం.

కాబట్టి ధింసాకు కావలసింది శ్రోతలు కాదు, ప్రతివాది. రెండు పిటిషన్లు నేనే తయారు చేశాను. మొదటిది తెలుగులో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిపోయేదాకా జయపురం సంస్థానం, కోరాపుట్ కొండలు అన్నీ విశాఖపట్నం జిల్లాలోవే గనుక ధింసా ఆమూలాగ్రం తెలుగువాళ్ల సొత్తని అందులో రుజువు చేశాను. రెండోది ఒడియాలో ఉంది. గదబ, పోర్జా తెగల ఊళ్లు ఎక్కువగా ఉన్నది కోరాపుట్ జిల్లాలోనే గనుక ఢెమ్సా ముమ్మాటికీ ఒడిశాదని, ఆంధ్రా వారు దాన్ని అరకు రైలెక్కించుకుని పట్టుకుపోయారని ఇందులో అంతే గట్టిగా రుజువు చేశాను. రెండూ చదివి రెండింటినీ నమ్మాను.

ఇవి రెండు రాజధానులకూ ఒకేరోజు చేరాలి. ఇవతలి స్టేషను అరగంట పెడితే అవతలి స్టేషను గంట పెట్టక తప్పదు. ఇవతల మోరి కళాకారుడికి 'ఎ' గ్రేడు ఇస్తే అవతల టాప్ గ్రేడు. తివాచీ తీసేసి మట్టి పోయించిన స్టూడియో మాదంటే మాదని శిలాఫలకాలు లేస్తాయి. తాత రాత్రంతా ఊదినా ఎర్రలైటు ఆర్పే ధైర్యం ఏ డ్యూటీ ఆఫీసరుకూ ఉండదు, ముందు ఆర్పినవాడు కేసు ఓడిపోయినట్టే కదా.

సంతకాల కోసం కాగితాలు నా కొట్లోనే ఉంచాను. ఇప్పటిదాకా బ్యాంకు వాళ్లు, మాస్టార్లు, కాంట్రాక్టర్లు, సెలవుకొచ్చిన ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఉత్సాహంగా పెట్టారు. మేళంలో ఆడవాళ్లొకరు ఉప్పు కొనడానికొచ్చి, అదేం కాగితం అని అడిగారు. ఇది పెద్దవాళ్ల మధ్య సరిహద్దు తగాదా తల్లీ, మీకు సంబంధం లేదు అని చెప్పి పంపించాను.