సర్కారు తుమ్మను పెరికివేయాలా?

(కోరంగి మడ అడవి అంచున రొయ్యల చెరువుల గట్లపై అల్లుకున్న సర్కారు తుమ్మను తొలగించాలని బడి మాస్టారి పట్టుదల. ఆ కంపతోనే పొయ్యి వెలిగించే పెద్దమ్మ అందుకు ఒప్పుకోదు.)

మాస్టారు: పెద్దమ్మా, ఇది మన నేల చెట్టు కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలకు చెందిన దీనిని వంటచెరకు కోసమని 1877లో కడప ప్రాంతంలో నాటారు. ఇప్పుడది పోటునీరు అందని చవిటి నేలలన్నీ ఆక్రమించి, తన కింద ఉప్పునేలలో పెరిగే ఇలకూర మొక్కను కూడా మొలవనివ్వడం లేదు.

పెద్దమ్మ: వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు మాకు వంటచెరకే ఇస్తున్నది కదా, మాస్టారూ! మడ కొమ్మ నరికితే కేసు పెడతారు, గ్యాసు బండకు ప్రతిసారీ డబ్బు ఉండదు. ఈ కంప పొయ్యిలోకీ బొగ్గు బట్టీలోకీ పనికివస్తుంది. మేము దీనిని కొట్టుకోబట్టే మడ చెట్లపై గొడ్డలి పడటం తగ్గిందన్న సంగతి మీరెందుకు లెక్కలోకి తీసుకోరు?

మాస్టారు: తీసుకుంటాను. కానీ కొట్టినంత మాత్రాన ఇది చావదు, మొదలు నుంచి మళ్లీ గుబురుగా చిగురిస్తుంది. తియ్యని కాయలను మేకలూ పశువులూ తింటే, గింజలు పేడతో పాటు చెక్కుచెదరకుండా బయటపడి వేరొక గట్టుపై మొలుస్తాయి. రేపు సముద్రపు ఒడ్డున బాలబందితీగ పాకే ఇసుక తిన్నెల దాకా వస్తే, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లకు గోతులు తవ్వుకునే చోటే ముళ్లూ వేళ్లూ నిండిపోతాయి.

పెద్దమ్మ: యంత్రంతో పెరికి నేలను బోసిగా వదిలేస్తే గట్టు నిలుస్తుందా? 1996 నవంబరు తుఫానును చూసినవాళ్లం, గాలికి అడ్డుగా నిలిచే ఏ చెట్టునూ తేలికగా వదులుకోలేము.

మాస్టారు: బోసిగా వదలమనడం లేదు. రోజూ పోటు ముంచే చోట తుమ్మ బతకదు, మడ బతుకుతుంది. కోరంగిలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, క్షీణించిన నేలకు పోటునీరు పారించి మడను తిరిగి పెంచారు. పూడిన చోటల్లా ఆ పని జరగాలి. పోటు అందని గట్లపై కానుగ, మొగలి నాటవచ్చు. కానుగ కూడా చిక్కుడు కుటుంబపు చెట్టే, నేలకు నత్రజనిని అందిస్తుంది.

పెద్దమ్మ: కానుగ ఎదిగేదాకా నా పొయ్యి ఆగదు. అన్ని గట్లనూ ఒకేసారి కాకుండా కొన్నింటి చొప్పున, కాయ పండకముందే, వేళ్లతో సహా పెరకండి. ఆ కూలి మా ఊరివాళ్లకు, ఆ కట్టె మా ఇళ్లకు దక్కాలి. ఇందుకు ఒప్పుకుంటే పార పట్టుకుని నేనూ వస్తాను, లేదంటే మా గట్టుపై యంత్రాన్ని దిగనివ్వను.