212వ పేజీలో ఈదుతున్న సీలు గురించి నివేదిక గారికి

మహారాజశ్రీ సముద్రగర్భ కేబుల్ పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీ ఆరోగ్యం గురించి ప్రత్యేకంగా అడగనక్కరలేదు. మొన్న మిమ్మల్ని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టుకున్నప్పుడే తెలిసింది, పుష్టిగా ఉన్నారు. 340 పేజీలు, పదకొండు అనుబంధాలు, రంగుల పటాలు, నిగనిగలాడే అట్ట. లోతు సముద్రంలో పరిచే ఇంటర్నెట్ కేబుల్ మందం 17 నుంచి 22 మిల్లీమీటర్లు, అంటే మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టమంత. కుతూహలం ఆపుకోలేక మిమ్మల్నీ స్కేలు పెట్టి కొలిచాను. 41 మిల్లీమీటర్లు! సరుకుకంటే తూకపురాయే లావుగా ఉంది.

నేనెవరో చెప్పలేదు కదూ. మీలాంటి వారిని ఆరు పేజీలకు కుదించి, మామూలు మనుషులకు అర్థమయ్యే మాటల్లో సారాంశం రాసిపెట్టే చిన్న ఉద్యోగిని. ఏళ్ళ తరబడి ఇదే పని కాబట్టి అట్ట తెరవకుండానే మీ ఆఖరి మాట చెప్పగలను: "ప్రభావం స్వల్పం, స్థానికం, తాత్కాలికం." పరీక్షకు ఆవు వ్యాసం ఒక్కటే చదువుకుని వెళ్ళిన కుర్రవాడు గుర్తున్నాడా? ఏ ప్రశ్న వచ్చినా తీసుకొచ్చి ఆవుకు కట్టేసేవాడు. మీరు ఏ సముద్రాన్నయినా తీసుకొచ్చి ఆ మూడు మాటల గుంజకు కట్టేస్తారు.

ఈసారి కట్టు కాస్త వదులైంది. 212వ పేజీ చూడండి. ఈ కేబుల్ వెళ్ళేది ఏడాది పొడవునా వెచ్చగా ఉండే నీళ్ళలో. మీరేమో మంచు పలకల మీద పిల్లల్ని కనే సీలు అనే సముద్ర జంతువుల ప్రసవకాలంలో పనులు నిలిపివేస్తామని గంభీరంగా హామీ ఇచ్చారు. ఏ చలిదేశపు నివేదికలోంచి ఈదుకుంటూ వచ్చిందో పాపం! ఎర్రసిరాతో సున్నా చుట్టి పైకి పంపాను. "అది మూసలోనే ఉంది, తీస్తే పేజీ నంబర్లు మారిపోతాయి" అని జవాబు వచ్చింది.

అయినా నాకు ఒళ్ళు మండుతున్నది సీలు గురించి కాదు. మీరు అబద్ధం చెప్పడం లేదు, అదీ నా బాధ. లోతైన చోట కేబుల్‌ను పాతరు, ఊరికే అడుగున పరుస్తారు. వలలూ లంగర్లూ తగిలే తక్కువ లోతులో మాత్రం ఓడ వెనక నాగలి కట్టి, సన్నటి చాలు తీసి, మీటరు లోతున కేబుల్‌ను దించుతూ పోతారు. నాగలి జాడ మహా అయితే కొన్ని మీటర్ల వెడల్పు. పాతికేళ్ళ ఆయుష్షున్న కేబుల్ కోసం దున్నేది ఒక్కసారి. సముద్రం అడుగున వలలు ఈడ్చే ట్రాలర్లు అదే నేలను ఏడాదికి ఎన్నిసార్లు దున్నుతాయో వాటికే తెలియదు, వాటినెవరూ 340 పేజీలు అడగరు. కేబుల్‌లో పారే కరెంటు కూడా ఇంచుమించు ఒక ఆంపియరే. కబుర్లు అందులో వెలుగు రూపంలో పోతాయి, దారి పొడవునా ఆ వెలుగుకు బలం పోసే రిపీటర్లనే పరికరాలకు ఆ కరెంటు చాలు. దాని అయస్కాంత క్షేత్రం విద్యుత్ కేబుళ్ళ ముందు లెక్కలోకి రాదు, అయినా మీరు విద్యుత్ కేబుల్ నివేదికలోంచి పద్నాలుగు పేజీలు ఎత్తుకొచ్చి మరీ లెక్కవేశారు. మొత్తానికి మీ జవాబు చాలావరకు ఒప్పే. పక్కవాడి కాగితంలో చూసి రాసిన ఒప్పుకు ఎన్ని మార్కులు వేయాలన్నదే నాకు తేలడం లేదు.

మీ పద్ధతి కూడా చూడముచ్చటగా ఉంటుంది. మొదట "డెస్క్‌టాప్ స్టడీ", అంటే కుర్చీ దిగకుండా చేసే సముద్రయానం. దాన్ని తప్పు పట్టను, పాత పటాలు తిరగేయకుండా ఓడ కదిలించేవాడు మూర్ఖుడు. తరవాత సర్వే ఓడ వెళ్ళి సోనార్‌తో, అంటే శబ్దాన్ని పంపి దాని ప్రతిధ్వనితో, అడుగును గీసుకొస్తుంది. ఎక్కడ రాయి ఉంది, ఎక్కడ వాలు జారుతుంది, ఎక్కడ బురద మెత్తగా ఉంది, అన్నీ అందులో ఉంటాయి. ఆ పటం ఎందుకు గీశారు? సముద్రం నుంచి కేబుల్‌ను కాపాడటానికి. మీరు దాన్నే చేతిలోకి తీసుకుని, తిరగేసి పట్టుకుని, కేబుల్ నుంచి సముద్రానికి భయం లేదని చదివేస్తారు. కోడిపిల్లకు గంపెంత అవసరమో కొలిచి, దానివల్ల గద్దకు ఏ హానీ లేదని తేల్చినట్టు.

కేబుల్ పడేముందు ఆ దారంతా గొలుసుకు కట్టిన ఇనుప కొక్కేలు ఈడ్చుకుంటూ ఒక ఓడ వెళ్తుంది. పాత వలలు, తెగిన తాళ్ళు, చచ్చిన కేబుళ్ళు ఏరుతుంది. దానికి మీరిచ్చింది ఒకే వాక్యం, "మార్గ శుభ్రత". చీపురు ఇనుపదైతే ఇల్లు ఏమవుతుందని అడిగేవారు లేరు.

మీ వంశచరిత్ర మీకు తెలుసో లేదో. 1858లో అట్లాంటిక్ అడుగున మొదటి తంతి కేబుల్ పడి, మూడు వారాలు కూడా సరిగ్గా పలకకుండానే మూగబోయింది. అప్పుడు మీరుంటే కూడా "స్వల్పం, తాత్కాలికం" అనేవారు, కేబుల్ విషయంలోనైనా అది అక్షరాలా నిజమయ్యేది. కానీ అసలు దెబ్బ తగిలింది సముద్రానికి కాదు, ఆగ్నేయాసియా అడవికి. రాగి తీగకు నీరు తగలకుండా పూసిన గట్టాపెర్చా అక్కడి చెట్ల పాలు. కొద్దిపాటి పాల కోసం నిలువెత్తు చెట్టును నరికేసేవారు. 19వ శతాబ్దం ముగిసేలోపే సింగపూర్‌లో ఆ చెట్టు కనుమరుగైనంత పనయింది. సముద్రం అడుగున ఎంత వెతికినా ఈ సంగతి కనబడదు. ఇప్పటికీ అంతే. ఈ వ్యాపారంలో చెప్పుకోదగ్గ కాలుష్యం ఓడ తాగే ఇంధనంలోనూ, ఒడ్డున యంత్రాలు తాగే కరెంటులోనూ ఉంటుంది, మీరేమో మూడో అధ్యాయంలోనే గీత గీసుకుని గీతకు అవతలిది "పరిధిలో లేదు" అన్నారు. మీరు పుట్టడానికి కారణమైన అమెరికా జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద సంతకం పడింది 1970 జనవరి 1న. కొత్త సంవత్సరం మొదటిరోజు చేసుకునే తీర్మానాల గతే మీకూ పట్టిందేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం.

తిమింగలాల సంగతికి వస్తాను. 1877 నుంచి 1955 మధ్య తిమింగలాలు కేబుళ్ళలో చిక్కుకున్న ఘటనలు 16 నమోదయ్యాయి. వాటిలో ఎక్కువ స్పెర్మ్ తిమింగలాలే. ఆ తరవాత ఒక్కటి కూడా లేదు. మీరు ఈ ముక్క ప్రతిసారీ అతికిస్తారు, "కాబట్టి ముప్పు లేదు" అని. ఎందుకు ఆగిందో మాత్రం రాయరు. పాత తంతి కేబుళ్ళు వదులుగా చుట్టలు పడి ఉండేవి, ముఖ్యంగా మరమ్మతు చేసిన చోట. తరవాత మెలిపడని కేబుళ్ళు వచ్చాయి, నేల వంపునుబట్టి బిగువు సరిచూసుకుంటూ వేయడం వచ్చింది, తక్కువ లోతులో పాతిపెట్టడం వచ్చింది. అంటే ఆ సున్నా తిమింగలం తెలివివల్ల వచ్చింది కాదు. తెగిన కేబుల్‌ను పైకి లాగినప్పుడు దానికి చుట్టుకున్న కళేబరాన్ని చూసినవాళ్ళు ఉన్నారు, చూసింది రాసిపెట్టుకున్నారు.

చూడటం అంటే గుర్తొచ్చింది, మీకొక కథ చెప్పాలి. 1995లో కాలిఫోర్నియా తీరంలోని హాఫ్ మూన్ బే నుంచి పయనీర్ సీమౌంట్ అనే మునిగిన కొండ దాకా 95 కిలోమీటర్ల కేబుల్ వేశారు. ఫోన్ల కోసం కాదు, సముద్రంలో శబ్దం ఎలా ప్రయాణిస్తుందో తెలుసుకోవడానికి. పాతిపెట్టలేదు, పైన పరిచారంతే. 2003లో కొందరు శాస్త్రవేత్తలు కెమెరాలున్న యంత్రాన్ని దింపి, కేబుల్ దగ్గరా, దానికి కాస్త దూరంలోనూ అడుగును చూసుకుంటూ వెళ్ళారు. ఎనిమిదేళ్ళ తరవాత వెనక్కి వెళ్ళి చూడటం! మీ భాషలో దీనికి అధ్యాయమే లేదు.

ఏం చూశారు? బురదలో బతికే జీవుల లెక్కలో పెద్ద తేడా లేదు. మీరు గెలిచారు, కాసేపు చప్పట్లు. అంతటా మెత్తటి బురదే ఉన్న చోట పట్టుకోవడానికి ఒక గట్టి వస్తువు దొరికిందని కేబుల్ నిండా సీ అనిమోన్లు, అంటే పువ్వుల్లా విచ్చుకునే ఆ జీవులు, బారులు తీరి కూర్చున్నాయి. కొన్నిచోట్ల చేపలు దాని నీడన చేరాయి. మీ గళ్ళ పట్టికలో "హాని" అని ఒక గడి ఉంది, "మేలు" అని ఒకటుంది. ఇంతకుముందు లేనివాళ్ళు వచ్చి కాపురం పెట్టడం ఏ గడిలోకి వస్తుంది?

ఒడ్డుకు దగ్గరగా, అలలు బలంగా ఊపే రాతి నేల మీద మాత్రం కథ వేరు. రెండు రాళ్ళ మధ్య వేలాడిన కేబుల్ ఊగి ఊగి, రంపంలా, రాతిని కోసింది. అలా పడిన గాడుల వెడల్పు 6 సెంటీమీటర్ల నుంచి 45 సెంటీమీటర్ల దాకా ఉంది. రాతిని కోసిన కేబుల్ తానూ చిరిగింది. వేలెడు లావు తాడు రాతిలో మూరెడు గాడి తీస్తుందని ఏ డెస్క్‌టాప్ చెప్పగలిగేది? పోనీ ఇది ప్రళయమా అంటే కాదు. కానీ స్వల్పమో, మహత్తరమో, ముందు కళ్ళబడాలి కదా.

ఇసుక ఒడ్డు దాటడానికి ఇప్పుడు నేలకింద నుంచి సొరంగంలా తొలిచి కేబుల్‌ను లాక్కొస్తున్నారు, తీరాన్ని తవ్వకుండా. మంచి పద్ధతే. 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒరెగాన్ తీరంలో అలా తొలుస్తుండగా గొట్టం విరిగింది. వందల అడుగుల గొట్టం, తొలిచే మొన, తొలిచేటప్పుడు వాడే వేల గ్యాలన్ల బురద ద్రవం సముద్రం కిందే వదిలేసి వెళ్ళారు. ప్రభుత్వానికి పూర్తి సంగతి తెలిసేసరికి వారాలు గడిచాయి. మీ 97వ పేజీలో ఇలాంటి దానికి "సంభావ్యత: తక్కువ" అని ఆకుపచ్చ రంగు వేశారు. ఆకుపచ్చ మీకు బాగా అచ్చొచ్చింది.

అన్నిటికంటే తమాషా కొత్త ఒప్పందంలో ఉంది. ఏ దేశానికీ చెందని దూరసముద్రాల జీవవైవిధ్యం కోసం 2023లో కుదిరి, 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది. అక్కడ తలపెట్టిన పని ప్రభావం "స్వల్పం లేదా తాత్కాలికం" అన్నదానికి మించవచ్చనుకుంటేనే పరిశీలన మొదలవుతుంది. ఇక మీరు ఆగుతారా! ఇన్నాళ్ళూ ముగింపులో రాసుకున్న మాట ఇప్పుడు గడప దగ్గర చదివే మంత్రమైంది. ముందే జపిస్తే లోపలికి రానక్కరలేదు. ఒక్కో కేబుల్ విడివిడిగా జపిస్తుంది, దిగడానికి వీలైన ఒడ్డులు మాత్రం కొన్నే, అందరూ వచ్చేది అక్కడికే. తిలా పాపం తలా పిడికెడు, మీ చేతిలోకి వచ్చేది ఎప్పుడూ ఒక్క పిడికెడే.

ఇదంతా చదివి నేను మిమ్మల్ని ఇంకా లావెక్కమంటున్నానని మాత్రం అనుకోవద్దు. వెయ్యి పేజీల నివేదిక కావాలని కేకలు వేసేవాళ్ళు వేరే ఉన్నారు. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 దాకా కేబుళ్ళు దెబ్బతింటాయి, ఎక్కువగా వలలవల్ల, లంగర్లవల్ల. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగాకు ఉన్న ఒకే ఒక అంతర్జాతీయ కేబుల్ తెగితే, బయటి ప్రపంచంతో తిరిగి కలపడానికి అయిదు వారాలు పట్టింది. ఖండాల మధ్య డేటా దాదాపు అంతా ఈ గొట్టాల్లోనే పోతుంది. మరమ్మతు ఓడను ఒడ్డున నిలబెట్టి పట్టికలు నింపించే పాపం నాకొద్దు.

నాకు కావలసింది ఒక్క పేజీ. కేబుల్ వేసిన ఎనిమిదేళ్ళకు దాన్ని ఎవరు వెళ్ళి చూస్తారు, ఏ ఓడలో వెళ్తారు, డబ్బు ఎవరిది. ఆ పేజీ కోసం అయస్కాంత క్షేత్రం మీది పద్నాలుగూ తీసేసినా సారాంశంలో నాకు ఒక్క అక్షరం తగ్గదు.

ఇట్లు,
తమ విధేయ సారాంశకర్త

తా.క.: మీ మీద రెండు సీళ్ళు ఉన్నాయి. ఒకటి ఆఖరి పేజీలో, ఊదారంగు సిరాతో, గుండ్రంగా, కాస్త వంకరగా పడింది. అది వేసినవారు రెండోదాన్ని చూసినట్టు లేరు. నిన్న మీ తుది ప్రతి అందింది. ముందుపేజీల్లో కొత్తగా కృతజ్ఞతలు చేర్చారట, సీలు ఇప్పుడు 214వ పేజీలో ఈదుతోంది.