సవరణ: కనెక్టికట్ జట్టు మౌయి ఓటముల గురించి

2024 నవంబరులో హవాయిలో జరిగే మౌయి ఇన్విటేషనల్ బాస్కెట్‌బాల్ టోర్నీ ముగియగానే నేను రాసిన టపాలో, కనెక్టికట్ విశ్వవిద్యాలయ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు మూడు ఆటలనూ ‘చిత్తుగా’ ఓడిందన్న వాక్యం ఉంది. ఆ మాట డేటన్ చేతిలో 67-85తో ఓడిన మూడో ఆటకే వర్తిస్తుంది. మెంఫిస్‌తో అదనపు సమయం దాకా సాగిన ఆట 97-99తోనూ, కొలరాడోతో ఆట 72-73తోనూ చేజారాయి.

మెంఫిస్ ఆటను విడిగా చూడాలి. స్కోరు 92-92గా ఉండి 40 సెకన్లు మిగిలినప్పుడు కనెక్టికట్ ఆటగాడు మెక్‌నీలీపై ఫౌల్ (నిబంధన ఉల్లంఘన) పలకగా, ఆ జట్టు కోచ్ డాన్ హర్లీ నిరసనగా సైడ్‌లైన్ దగ్గర వెల్లకిలా పడిపోయి టెక్నికల్ ఫౌల్ (అనుచిత ప్రవర్తనకు విధించే ఫౌల్) కొనితెచ్చుకోవడంతో, ప్రత్యర్థికి దక్కిన నాలుగు ఫ్రీ త్రోలూ (ఎవరూ అడ్డుకోకుండా వేసే బంతులు) బుట్టలో పడ్డాయి. ఫౌల్ నిర్ణయంపై ఎంతైనా వాదించవచ్చు. టెక్నికల్ మాత్రం, అభిమానిగా చెప్పడానికి కష్టంగానే ఉన్నా, స్వయంకృతం.

అలాగని రక్షణలో లోపం లేదని ఈ సవరణకు అర్థం కాదు. క్లింగన్, క్యాజిల్, న్యూటన్, స్పెన్సర్ ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు వెళ్లిపోయిన జట్టు అనవసరపు ఫౌళ్లతో ప్రత్యర్థులను పదే పదే ఫ్రీ త్రో గీత దగ్గరికి పంపిందని ఆ టపాలో చేసిన విమర్శ యథాతథం. అయితే ‘ఈ సీజన్‌పై ఆశలు వదులుకోవచ్చు’ అన్న ముగింపు వాక్యాన్ని తొలగిస్తున్నాను. డిసెంబరులో బేలర్‌పై 76-72తో, ఆస్టిన్‌లో టెక్సస్‌పై 76-65తో, న్యూయార్క్‌లో గొంజాగాపై 77-71తో వరుసగా గెలిచిన జట్టుకు ఆ వాక్యం అతకదు.